రవ్వంత ఎగురు

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
రేకుల కప్పు కింద ఒకటే కోర్టు.
తెల్లారి ఐదుకు తాళం తీసేది ఉసేనప్ప సారు.
సారంటే బడిసారు కాదు,
ముప్పై ఏండ్లు పాయింట్స్‌మన్‌గా
పట్టాలు మార్చీ మార్చీ
కుడి భుజం ఒకింత కిందికి జారిన మనిషి.

మొదటి నెల చేతికి రాకెట్టే ఇయ్యలేదు.
"ఎగురు మే" అన్నాడు.
ఎంత సార్ అంటే
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి
నడుమ శెనిక్కాయ గింజ పట్టేంత సందు చూపించినాడు.

"అవతల చెయ్యి లేచినప్పుడు
నువ్వు నేల మీద ఉండాకు,
గాల్లోనూ ఉండాకు.
దిగేటప్పుడే తెలుస్తాది యాడికి పోవల్లనో.
ముందే పోతే మోసపోతావు,
నిలబడిపోతే మొద్దువైపోతావు."

మాకేం అర్థమైంది?
నేనూ షమీమూ ఎదురెదురుగా
రాకెట్లు లేకుండా, షటిల్ లేకుండా
పిచ్చుకల మాదిరి ఎగురుతుంటే
పార్సిల్ ఆఫీసు హమాలీలు
కిటికీలోంచి చూసి నవ్వేవాళ్ళు.

షటిల్ దొరికినాక ఇంకో కష్టం.
మా ఊరి గాలికి తడి ఉండదు,
నాలుగు దెబ్బలకే ఈకలు పుటుక్కుమనేవి.
షమీమ్ వాళ్ళ నాయన టీ బంకులో
కెటిల్ ముక్కు మీద ఒక్కోదాన్నీ తలకిందులు పట్టి
జలుబు చేసిన పిల్లకు పట్టినట్టు
ఆవిరి పట్టేవాళ్ళం.
ఆ పొద్దు ఆటంతా అల్లం వాసన.

స్మాష్ అని చెయ్యి వెనక్కి పోతాది,
నడుము మెలి తిరుగుతాది,
ఎదుటి పిల్ల మడమల మీదికి వాలుతాది.
సరిగ్గా అప్పుడు
మణికట్టు మాట మారుస్తాది.
షటిల్ నెట్టు దాటి
గుటక మింగినంత మెల్లగా అవతల రాలిపోతాది.

మాట మార్చింది ఎవరు?
నేనైతే కాదు.
నేననుకునేటప్పటికే అది అయిపోయుంటాది.
బొటనవేలు పిడి వెడల్పు మీదికి ఎప్పుడు జరిగిందో,
ఎడమ దెబ్బ అయినాక ఎప్పుడు వెనక్కి వచ్చిందో
అడిగితే చెప్పలేను.
చెప్పబోయిన దినం మాత్రం
కచ్చితంగా తప్పుతాది.

"బండి పాయింట్ల మీదికొచ్చినాక
పట్టా మార్చేవాడుంటాడా మే?
అవుటర్‌లో కూస్తాన్నప్పుడే మార్చల్ల" అనేవాడు సారు.
ముందే పోవద్దంటివి,
ఇప్పుడు ముందే మార్చమంటివి, ఏది నిజం సార్ అంటే
నవ్వి, "పోయేది కాలు, మార్చేది..." అని
ఏదో చెప్పబోయినాడు.
అంతలో గూడ్సు కూసింది.
పాత అలవాటుకు తల అటు తిప్పినాడు,
ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

డబుల్స్‌లో ఇంకో తలనొప్పి.
కొట్టేటప్పుడు ఒకరి వెనక ఒకరం,
కాచుకునేటప్పుడు పక్కపక్కన.
ఇటు నుంచి అటు మారే కాడే కొంప మునిగేది.
ఒకసారి ఇద్దరమూ "నాది" అన్నాము,
షమీమ్ కనుబొమ్మకు రైల్వే ఆస్పత్రిలో మూడు కుట్లు.
ఇంకోసారి ఇద్దరమూ "నీది" అన్నాము.
దానికి కుట్లు పడలేదు గానీ
రెండు దినాలు మాటల్లేవు.

పోనుపోను అరుపులు తగ్గినాయి.
సిమెంటు మీద దాని బూటు గీచుకున్న సప్పుడుకు
అది ఎడమకు పోయిందని
నా వీపుకు తెలిసేది.
వీపుకు ఎవరూ నేర్పలేదు.

తాడిపత్రి పోటీల్లో ఓడిపోయినాము.
ఆ కథ ఇప్పుడు వద్దు.

మొన్న పోయింటి.
సారుకు మోకాలి ఆపరేషన్ అయింది.
కోర్టు గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీ,
ఒళ్ళో చేతికర్ర.
ఎవరో కొత్త పిల్లలు ఆడుతున్నారు,
ఆయన పల్లెత్తు మాట అనలేదు.
నేను ఆట చూడలేదు.
కుర్చీ కింద ఆయన పాదాలు చూస్తా కూర్చున్నా.

అవతల చెయ్యి లేచిన ప్రతిసారీ
రెండు మడమలూ
శెనిక్కాయ గింజ పట్టేంత
లేస్తాండాయి.
చెప్పులు మాత్రం నేల మీదే.